డ్రైవరు లేని షేర్ బండి: ఎక్కేదెవరు?



స్కాట్లాండ్‌లో ఫోర్త్ నది సముద్రంలో కలిసే చోట ఒక పొడవాటి వంతెన ఉంది. 2023 మే నెలలో ఆ వంతెన మీద ఒక కొత్త బస్సు తిరగడం మొదలైంది. చూడ్డానికి మామూలు సిటీ బస్సే. స్టీరింగు ముందు మనిషి కూడా కూర్చున్నాడు. కానీ ఆయన చేతులు స్టీరింగు మీద లేవు. బస్సు తనంతట తనే మలుపు తిరుగుతోంది, వేగం పెంచుతోంది, సిగ్నలు దగ్గర ఆగుతోంది. స్టేజ్‌కోచ్ అనే బస్సుల సంస్థ, ఎడిన్‌బరో శివారు నుంచి అవతలి ఒడ్డు దాకా, 14 మైళ్ళ దారిలో అలాంటి బస్సులు అయిదు తిప్పింది.

2025 ఫిబ్రవరిలో ఆ సర్వీసు ఆపేశారు.

ఎందుకంటారా? బస్సు ఎవరినో గుద్దేసిందని కాదు. యంత్రం మొరాయించిందనీ కాదు. ఎక్కే జనం చాల్లేదు. అంతే.

బండి తనంతట తను నడవగలదా అన్నది ఒక ప్రశ్న. నడిచినా జనం ఎక్కుతారా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు ఇంజనీర్లు చెప్పాలి. రెండోదానికి జవాబు చెప్పాల్సింది మీరు. అంటే రోజూ బస్సో, ఆటోనో, క్యాబో ఎక్కేవాళ్ళు. ఈవేళ్టి ముచ్చట ఆ రెండో ప్రశ్న గురించే. డ్రైవరు లేని బండిలో, అందునా పదిమందితో కలిసి వెళ్ళే బండిలో, జనం ఎక్కుతారా?

ముందు భయం సంగతి చూద్దాం. అమెరికాలో కార్లవాళ్ళ సంఘం ఒకటి ఉంది. ట్రిపుల్ ఏ అంటారు. ఈ బండ్ల మీద జనం ఏమనుకుంటున్నారో ఆ సంఘం ఏటా అడుగుతుంది. 2025లో అడిగితే, నూటికి 61 మంది భయమేస్తుందన్నారు. నమ్మి ఎక్కుతామన్నవాళ్ళు నూటికి 13 మంది. అంతే, 13 మంది.

మరి అదే ఏడాది, అదే దేశంలో, వేమో అనే సంస్థ డ్రైవరు లేని ట్యాక్సీలు నడుపుతోంది. గూగుల్‌లో పుట్టిన సంస్థ అది. ఏప్రిల్ నాటికి ఆ ట్యాక్సీలు వారానికి రెండున్నర లక్షల ట్రిప్పులు వేస్తున్నాయి. డబ్బు కట్టి ఎక్కిన ట్రిప్పులు. ఒక పక్క భయమంటున్నారు, ఇంకో పక్క డబ్బిచ్చి మరీ ఎక్కుతున్నారు. ఇదెలా?

కారణం పెద్ద చిక్కేమీ కాదు. సర్వే దేశమంతా అడిగింది. బండ్లేమో అప్పటికి నాలుగైదు నగరాల్లోనే ఉన్నాయి. అడిగినవాళ్ళలో చాలామంది ఆ బండిని కళ్ళతో చూసి కూడా ఉండరు. చూడని బండిని తలుచుకుంటే ఎవరికైనా భయమే. ఫీనిక్స్‌లోనో, శాన్‌ఫ్రాన్సిస్కోలోనో ఉండేవాళ్ళకు మాత్రం అది రోజూ వీధిలో కనబడే బండి.

ఆ బండి ఎక్కడం ఎలా ఉంటుందో చెప్పుకుందాం. ఫోన్‌లో పిలిస్తే తెల్లటి జాగ్వార్ కారు వస్తుంది. దాని నెత్తిన చిన్న గుమ్మటం లాంటిది ఉంటుంది. మీ పేరులోని మొదటి అక్షరాలు దాని మీద వెలుగుతాయి, మీ బండి ఏదో మీరు పోల్చుకోవడానికి. ఫోన్ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. లోపల ఎవరూ లేరు. డ్రైవరు సీటు ఖాళీ. మీరు బెల్టు పెట్టుకుని బటన్ నొక్కుతారు. స్టీరింగు దానంతటది తిరగడం మొదలుపెడుతుంది. మొదటిసారి ఎక్కినవాళ్ళు కళ్ళార్పకుండా దాన్నే చూస్తారు, వీడియో తీస్తారు. ఫీనిక్స్ పక్కనే టెంపీ ఉంది, చాండ్లర్ ఉంది. మన తెలుగు పిల్లలు చదువుకునే, ఉద్యోగాలు చేసే ఊళ్ళు అవి. అక్కడికి చూడ్డానికి వెళ్ళిన అమ్మానాన్నలు ఈ బండి ఎక్కి తీయించుకున్న వీడియోలు మీ ఫోన్‌కీ వచ్చి ఉంటాయి.

ఇక్కడ ఒక వింత ఉంది. 2025లో ఓబీ అనే సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కోలో క్యాబ్ ధరలు పోల్చి చూసింది. ఉబర్, లిఫ్ట్ సగటున 15 డాలర్ల చుట్టూ ఉన్నాయి. వేమో 20 డాలర్లు దాటింది. అంటే డ్రైవరు ఉన్న బండికంటే, లేని బండికే ఎక్కువ ఇచ్చి ఎక్కుతున్నారు. ఎందుకని? ఎక్కినవాళ్ళు చెప్పేది ఇది. లోపల ఎవరూ మాట కలపరు. నచ్చిన పాట పెట్టుకోవచ్చు. టిప్పు ఇవ్వాలా వద్దా అన్న మొహమాటం లేదు. రాత్రిపూట ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళు, ముక్కూమొహం తెలియని మగమనిషి బండి నడపడం లేదన్నది తమకు ధీమా అంటున్నారు.

కాబట్టి డ్రైవరు లేకపోవడం కొందరికి భయం, కొందరికి అదే సుఖం. ఈ మాట గుర్తుంచుకోండి, ముందుకు వెళ్ళాక మళ్ళీ అవసరమవుతుంది. వాళ్ళు డబ్బిచ్చి కొనుక్కుంటున్నది ఏకాంతం. ఆ బండిలో పక్క సీట్లో ఇంకో కొత్తమనిషి ఎక్కడు. వేమో ఒక్కో ట్రిప్పుకు కారు మొత్తాన్నీ ఒకరికే ఇస్తుంది.

నమ్మకం ఎంత మెల్లగా పుడుతుందో, ఎంత తొందరగా పోతుందో చెప్పే కథ కూడా శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఉంది. 2023లో అక్కడ ఇంకో సంస్థ కూడా బండ్లు నడిపేది. జనరల్ మోటార్స్ వారి క్రూజ్. అక్టోబరు 2 రాత్రి రోడ్డు దాటుతున్న ఒక మహిళను, మనిషి నడుపుతున్న వేరే కారు గుద్దింది. ఆమె ఎగిరి క్రూజ్ కారు ముందు పడింది. క్రూజ్ కారు బ్రేకు వేసింది. అయినా ఆమెకు తగిలింది. ఆ తర్వాత రోడ్డు పక్కకు తీసి ఆపాలని, కింద మనిషి ఉందని తెలియక, ఆమెను దాదాపు 20 అడుగులు ఈడ్చుకుపోయింది.

అదే నెలలో కాలిఫోర్నియా అధికారులు క్రూజ్ అనుమతి నిలిపేశారు. గుద్దుడొక్కటే కారణం కాదు. ఈడ్చుకుపోయిన సంగతి సంస్థ సరిగా చెప్పలేదన్నది అసలు ఆరోపణ. తర్వాత ఏడాదికి, దర్యాప్తుకు తప్పుడు నివేదిక ఇచ్చామని క్రూజ్ ఒప్పుకుంది, 5 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. 2024 డిసెంబరులో జనరల్ మోటార్స్ ఈ ట్యాక్సీల పనికే స్వస్తి చెప్పింది.

అదే ఊళ్ళో, అవే వీధుల్లో, వేమో మాత్రం నిలబడింది. స్విస్ రీ అనే బీమా సంస్థతో కలిసి తమ బండ్ల లెక్కలు బయటపెట్టింది. రెండున్నర కోట్ల మైళ్ళ ప్రయాణంలో, గాయాలకు సంబంధించిన బీమా క్లెయిములు మనుషులు నడిపే బండ్లతో పోలిస్తే 92 శాతం తక్కువగా వచ్చాయి. ప్రమాదం జరిగితే జనం కొంత ఓర్చుకుంటారు. దాన్ని దాచిపెట్టారని తెలిస్తే మాత్రం ఓర్చుకోరు.

సరే. ఇంతదాకా చెప్పుకున్నది ఒంటరిగా ఎక్కే బండి గురించి. ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. డ్రైవరు లేడు, పైగా పక్కన ముక్కూమొహం తెలియని మనిషి ఉన్నాడు. అలాంటి షేర్ బండి ఎక్కుతారా?

కలిసి ప్రయాణించడం మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో, విజయవాడలో, ఏ మండల కేంద్రంలోనైనా సరే, షేర్ ఆటో ఎక్కనివాళ్ళు తక్కువ. ఒకసారి ఆ ఆటోని తలుచుకోండి. డ్రైవరు బండి నడుపుతాడు, నిజమే. అదొక్కటేనా ఆయన చేసేది? "అన్నా, నువ్వు ముందుకొచ్చెయ్" అని ఒక కుర్రాణ్ణి లేపి, వెనక సీటు ఆడవాళ్ళకు ఇస్తాడు. "కొంచెం సర్దుకోండమ్మా" అని ఇంకొకరికి చోటు చేస్తాడు. ముసలాయన ఎక్కేదాకా ఆగుతాడు. మూట అందుకుంటాడు. తాగి ఎక్కబోయినవాణ్ణి వద్దంటాడు. చిల్లర దగ్గర గొడవైతే తీరుస్తాడు. చీకటి పడ్డాక ఒక్క ఆడమనిషి మిగిలితే, అద్దంలోంచి వెనక్కి ఓ కన్నేసి ఉంచుతాడు. అందరు డ్రైవర్లూ అలా ఉండరు. అయినా అడగడానికీ, అరవడానికీ, నిలదీయడానికీ అక్కడొక మనిషి ఉన్నాడు.

యంత్రం ఆ డ్రైవరు చేసే పనుల్లో ఒక్కదాన్నే నేర్చుకుంది. నడపడం. మిగతావి ఎవరు చేస్తారు? కాపలా ఎవరిది? సర్దుబాటు ఎవరిది? జవాబుదారీ ఎవరిది? షేర్ బండి విషయంలో జనం వెనకాడేది అక్కడ.

యూరప్‌లో 2012 నుంచి 2016 దాకా సిటీమొబిల్-2 అని ఒక ప్రయోగం జరిగింది. ఫ్రాన్స్‌లో లా రొషెల్, గ్రీసులో త్రికాల లాంటి ఊళ్ళలో డ్రైవరు లేని చిన్న బస్సులు నడిపారు. వేలమంది ఎక్కారు. బస్సు గుద్దేస్తుందేమోనన్న బెంగ ఎక్కువమందికి లేదు. పగటిపూట బాగానే ఉందన్నారు. రాత్రిపూట లోపల ఎవరూ లేని బస్సులో ఎవరో కొత్తవాళ్ళు ఎక్కితే ఎలా అన్నదే వాళ్ళ బెంగ. ఆ స్కాట్లాండ్ బస్సులో కూడా, స్టీరింగు ముందు కూర్చున్నాయనతో పాటు ఇంకో ఉద్యోగిని పెట్టారు. ఆయన్ని కెప్టెన్ అనేవారు. టికెట్ల సంగతి చూడ్డం, జనంతో మాట్లాడ్డం ఆయన పని. బస్సు తనంతట తను నడుస్తున్నా, లోపల కండక్టరు లాంటి మనిషి కావాల్సొచ్చాడు.

ఇంకో సంగతి. 2024 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక యువతి వేమోలో వెళ్తోంది. ఇద్దరు మగవాళ్ళు రోడ్డు మీదకొచ్చి కారుకు అడ్డంగా నిలబడ్డారు. ఫోన్ నంబరు ఇవ్వమని అడిగారు. ముందు మనిషి ఉంటే బండి కదలదు. కదలకూడదు కూడా, దాన్ని అలాగే తయారుచేశారు. దాంతో ఆమె లోపల చిక్కుకుపోయింది. కాసేపటికి వాళ్ళు వెళ్ళిపోయారు. డ్రైవరు ఉంటే హారన్ కొట్టేవాడు, కేకలేసేవాడు, వెనక్కి తీసేవాడు. బండిలో సహాయానికి పిలిచే బటన్ ఉంది, అవతల మాట్లాడే మనిషీ ఉన్నాడు. కానీ ఆయన కూర్చున్నది ఎక్కడో దూరాన.

వెనక్కి తీయడం అంటే ఇంకోటి చెప్పాలి. 2017 నవంబరు 8న లాస్‌వేగాస్‌లో డ్రైవరు లేని చిన్న షటిల్ బస్సు మొదలుపెట్టారు. తొలిరోజు. జనం ఉత్సాహంగా ఎక్కారు. దారిలో ఒక లారీ మెల్లగా రివర్సు వస్తోంది. బస్సు లారీని చూసింది. ఆగింది. అలాగే ఆగి ఉంది. లారీ వస్తూనే ఉంది. లోపలివాళ్ళు చూస్తుండగానే వచ్చి తగిలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బస్సు తప్పేమీ చేయలేదు, నిబంధన ప్రకారం ఆగింది. లోపల సంస్థ మనిషి ఉన్నాడు గానీ, చేత్తో నడిపే రిమోట్ ఆయనకు చప్పున అందేచోట లేదు. మన ఆటో డ్రైవరైతే ఈలోగా పది హారన్లు కొట్టి, రెండడుగులు వెనక్కి వేసి ఉండేవాడు.

పరిశోధకులు ఈ షేరింగు విషయాన్ని ఇంకొంచెం లోతుగా అడిగారు. టెక్సస్ విశ్వవిద్యాలయంలో చంద్ర భట్ అనే ప్రొఫెసరు ఉన్నారు. రవాణా రంగంలో పేరున్న మనిషి, మద్రాసు ఐఐటీలో చదువుకున్నాయన. ఆయనా, పట్రీషియా లవియేరి అనే పరిశోధకురాలూ కలిసి డాలస్ ప్రాంతంలో అడిగి చూశారు. అవును, మనవాళ్ళు పెద్దసంఖ్యలో ఉన్న ఆ డాలసే. డ్రైవరు లేని బండిలో కొత్తవాళ్ళతో కలిసి వెళ్తారా అని అడిగారు. 2019లో అచ్చయిన ఆ అధ్యయనంలో రెండు సంగతులు తేలాయి. ఒకటి, ఆఫీసుకు వెళ్ళేటప్పుడు పక్కన కొత్తమనిషి ఉన్నా జనం అంతగా పట్టించుకోరు. సినిమాకో, షికారుకో వెళ్ళేటప్పుడే ఇష్టపడరు. రెండోది ఇంకా ముఖ్యం. పక్కన మనిషి ఉండటంకంటే, ఆ మనిషిని ఎక్కించుకోవడానికీ దించడానికీ బండి చుట్టు తిరిగితే పోయే సమయమే పెద్ద ఇబ్బంది.

మళ్ళీ చెప్తాను. మనుషులు మనుషులకు భయపడటంకంటే, ఆలస్యానికి ఎక్కువ వెనకాడుతున్నారు. ఇందులో ఒక ఆశ ఉంది. అలవాటైన దారిలో, అలవాటైన వేళకు, చుట్టు తిరగకుండా వెళ్ళే షేర్ బండి అయితే, పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు ఎక్కుతారు. రాత్రి పదింటికి ఎక్కుతారా అన్నది వేరే లెక్క.

ఇక ధర. చైనాలో వూహాన్ అనే పెద్ద నగరంలో బైదూ సంస్థ వందల డ్రైవర్లెస్ ట్యాక్సీలు దింపింది. 2024లో రాయితీలతో కొన్ని ట్రిప్పులకు మామూలు ట్యాక్సీలో సగానికంటే తక్కువే తీసుకున్నారు. జనం ఎగబడ్డారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏకాంతం కోసం ఎక్కువ ఇచ్చి ఎక్కారు. వూహాన్‌లో చవకని ఎక్కారు. కానీ అక్కడి ట్యాక్సీ డ్రైవర్లు గొల్లుమన్నారు. మా పొట్ట కొడుతున్నారని అధికారులకు మొరపెట్టుకున్నారు.

ఆ మొర మన దేశంలోనూ ముందే వినపడింది. తాను రవాణా మంత్రిగా ఉన్నంతకాలం డ్రైవరు లేని కార్లను దేశంలోకి రానివ్వనని నితిన్ గడ్కరీ 2023 డిసెంబరులో నాగ్‌పూర్‌లో అన్నారు. డ్రైవర్ల ఉపాధి పోతుందన్నది ఆయన చెప్పిన కారణం. మీ వీధిలో ఆటో నడిపే ఇళ్ళు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టుకోండి. బండి ఎక్కాలా వద్దా అని ఆలోచించేవాళ్ళలో, ఆ ఇళ్ళవాళ్ళు కూడా ఉంటారు.

అలాగని డ్రైవరు లేని ప్రయాణం మనకు అసలే తెలియదనుకోకండి. దుబాయ్‌లో పనిచేసి వచ్చిన కరీంనగర్ వాళ్ళనో, కడప వాళ్ళనో అడగండి. అక్కడి మెట్రో రైలు 2009 సెప్టెంబరు 9న మొదలైంది. తొలిరోజు నుంచీ డ్రైవరు లేడు. ఢిల్లీలో మెజెంటా లైన్ మీద 2020 డిసెంబరులో డ్రైవరు లేని రైలు మొదలైంది, మన దేశంలో అదే మొదటిది. వాటిలో లక్షలమంది వెళ్తున్నారు. డ్రైవరు ఉన్నాడా లేడా అని ఎవరూ తొంగిచూడరు. దానికి కారణాలున్నాయి. రైలుకు పట్టాలున్నాయి, అడ్డం వచ్చేదేమీ లేదు. స్టేషన్లో మనిషి ఉన్నాడు. పెట్టెలో మీతో పాటు వందమంది ఉన్నారు. కాపలా, సర్దుబాటు, జవాబుదారీ అన్నీ ఏదో ఒక రూపంలో అక్కడ ఉన్నాయి. నలుగురు పట్టే చిన్న బండిలో అవి లేవు. వచ్చిన చిక్కు అది.

మన గడ్డమీదే ఒక ప్రయోగం నడుస్తోంది. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది కదా. అక్కడ తిహాన్ అనే పరిశోధన కేంద్రం ఉంది. సొంతంగా నడిచే బండ్లను పరీక్షించడానికి 2022 జులైలో అక్కడ ప్రత్యేకంగా ఒక మైదానం ప్రారంభించారు. ఆ కేంద్రం తయారుచేసిన కరెంటు బస్సులు క్యాంపస్‌లో తిరుగుతున్నాయి. ఆరుగురు పట్టేది ఒకటి, 14 మంది పట్టేది ఒకటి. 2025 ఆగస్టు నాటికి 10 వేల మందికి పైగా ఎక్కారని వార్తలొచ్చాయి. ఎక్కింది ఎవరు? విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగులు. పక్కన కూర్చున్నవాళ్ళు తెలిసినవాళ్ళే, లేదా మెడలో గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళు. దారి పొట్టిది. గేటు దగ్గర సెక్యూరిటీ ఉంది. షేర్ బండికి కావలసిన హామీలన్నీ ఆ గోడ లోపల ముందే ఉన్నాయి. అందుకే జనం ఎక్కారు.

ఆ క్యాంపస్ గేటు ముందు నుంచే ముంబై వైపు వెళ్ళే జాతీయ రహదారి పోతుంది. ఆ రోడ్డు మీద ఎదురుదారిలో వచ్చే బైకులున్నాయి, లారీలున్నాయి, షేర్ ఆటోలున్నాయి. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి రాత్రి తొమ్మిదింటికి సంగారెడ్డి వెళ్ళాల్సిన ఆడవాళ్ళున్నారు. ఎప్పుడో ఒకనాడు అలాంటి బస్సు ఆ గేటు దాటి బయటికొచ్చిందనుకోండి. వాళ్ళలో ఒకావిడ ఎక్కుతుందా?

ఎక్కాలంటే ఆవిడ నాలుగు సంగతులు అడుగుతుంది. మీరూ అడగండి. బటన్ నొక్కితే అవతల పలికేది ఎవరు, తెలుగులో పలుకుతారా, ఎంతసేపట్లో మనిషి వస్తాడు? ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది, జరిగింది జరిగినట్టు చెప్తారా? బండి నాకు కావలసిన దారిలో, కావలసిన వేళకు వస్తుందా, ఊరంతా తిప్పి తీసుకెళ్తుందా? ఇన్నాళ్ళూ ఆ దారిలో ఆటో నడిపినాయనకు ఇందులో ఏదైనా పని ఉందా? ఆఖరి ప్రశ్నకు స్కాట్లాండ్ బస్సులోని కెప్టెన్ ఒక జవాబు కావచ్చు. స్టీరింగు పోయినా, సర్దుకోండమ్మా అనే మనిషి ఉద్యోగం ఆ బస్సులో మిగిలింది.

వచ్చే రోజుల్లో ఇలాంటి బండి గురించి మీ ఊళ్ళో ప్రకటన వస్తే, అది ఎన్ని కెమెరాలతో చూస్తుందో వాళ్ళు తప్పకుండా చెప్తారు. పైన చెప్పుకున్న నాలుగింటికి జవాబు ఆ ప్రకటనలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే, ఎక్కేముందు అడగండి.